తాలు తియ్యమన్నారుగా

మొహిద్దీన్ బాషా ఎడమచేతికి తువ్వాలు చుట్టుకుని వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. జూన్ ఎండలో, అందునా మిషను రూములో పనిచేసే మనిషి, చేతికి తువ్వాలు ఎందుకు చుట్టుకుంటాడు? కోటిరత్నం చూపు మొదట అక్కడే పడింది. పడ్డ చూపు మరి కదల్లేదు.

"చేతికేమైంది బాబాయ్?" అంది, మాటవరసకి అడిగినట్టు.

"ఏం లేదమ్మా. చెమటకి," అంటూ ఆ చెయ్యి వీపు వెనక్కి పెట్టుకున్నాడు.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకునేవాళ్ల సంగతి విన్నాం. ఎవరూ ఏమీ అనకముందే చెయ్యి దాచుకునేవాణ్ణి ఏమనాలి? కోటిరత్నం మనసులో ఆ తువ్వాలుని ముడేసి పెట్టుకుంది.

ఆ పిల్ల అక్కడికి ఎందుకొచ్చిందో ముందు చెప్పాలి. పిల్లంటే ముప్పై రెండేళ్లది లెండి. కోటప్పకొండ మొక్కుతో పుట్టిందని ఆ పేరు పెట్టారు. గుంటూరు బ్రాడీపేటలో ఒక చిన్న కంపెనీలో ప్రోగ్రాములు రాస్తుంది. ఆమె రాసిన ప్రోగ్రామే ప్రత్తిపాడు రోడ్డులో బుల్లయ్యగారి ఏసీలో నడుస్తోంది. ఏసీ అంటే గోడకి బిగించుకునేదనుకునేరు. మా వైపు ఏసీ అంటే కోల్డ్ స్టోరేజి. కల్లంలో ఎండిన మిరపకాయల్ని టిక్కీల్లో, అంటే గోనె బస్తాల్లో తొక్కి, మంచి రోజు వచ్చేదాకా రైతులు అక్కడ దాచుకుంటారు. లోపల చలి సడలకూడదు. ఆ చలిని రేయింబవళ్లు కనిపెట్టుకుని ఉండటం కోటిరత్నం ప్రోగ్రాము పని.

కనిపెట్టుకుని ఉందా అంటే, లేదు. మూడో గదిలోంచి నిన్న టిక్కీలు బయటికి తీస్తే కాయంతా తెల్లగా బూజు. మూడు వారాల కిందట, ఒక ఆదివారం, ఏడు గంటలపాటు ఆ గది మిషను ఆగిపోయిందని తేలింది. రైతులు గేటు దగ్గర గుమికూడారు. బుల్లయ్యగారు కోటిరత్నానికి కబురు పెట్టాడు.

"ఒక్క ముక్క చెప్పమ్మా," అన్నాడాయన పొద్దున్నే. "ఆ రోజు మిషను ఆపిందెవడు?"

"లాగ్‌లో ఉంటుందండి. చూసి చెప్తాను."

"లాగులో ఉంటుందా?" అని ఆయన తన తెల్ల పంచె వంక అనుమానంగా చూసుకున్నాడు.

కోటిరత్నానికి నవ్వొచ్చింది గానీ సందర్భం కాదు. "ఆ లాగు కాదండి. లాగ్ అంటే మిషను తనకు తాను రాసుకునే దినచర్య. ఎన్నింటికి ఎవరొచ్చారు, ఏం నొక్కారు, గదిలో చలి ఎంతుంది, అన్నీ వరసగా రాసుకుంటుంది. మనిషి అబద్ధమాడినా అది ఆడదు."

ఆ చివరి మాట ఆమె ఎందుకన్నదో ఆమెకే తెలియాలి. నోరు జారిన మాటలకి ఒక అలవాటుంది, తిరిగి మన దగ్గరికే వస్తాయి.

బుల్లయ్యగారు ముందుకి వంగాడు. "బాషా ఇక్కడ ఇరవై రెండేళ్లబట్టీ ఉన్నాడు. నమ్మినవాడే. కానీ రోడ్డవతల కొత్త ఏసీ లేచిందిగా, వాళ్లు వీణ్ణి ఎగేశారని నా అనుమానం. సాయంత్రం ఐదింటికి ఎస్సైగారు వస్తారు. నువ్విచ్చే కాగితాన్ని బట్టి వాడు ఇంటికి పోవాలో స్టేషనుకి పోవాలో తేలుస్తాను."

అదీ సంగతి. అందుకని ఆఫీసు గదిలో కంప్యూటరు ముందు కూర్చుని ఆమె ముందుగా బాషాని పిలిపించింది.

లాగ్ తెరిచే ఉంది. ఆ ఆదివారం పొద్దున తొమ్మిదీ ఐదుకి: మూడో గది మిషను ఆపారు, ఆపింది బాషా. సాయంత్రం నాలుగూ పన్నెండుకి: మిషను నడిపారు, నడిపింది బాషా. మధ్యలో గది చలి అంకెలు తప్ప ఏమీ లేదు.

"మిషను మీరే ఆపారా బాబాయ్?"

"నేనే ఆపానమ్మా," అన్నాడు బాషా, తడుముకోకుండా. "తెర మీద ఎర్రగా వచ్చింది. కూత కూసింది. గ్యాసు లీకవుతోంది, మిషను ఆపండి, ఆఫీసుకి కబురెళ్లింది, వాళ్ల మనిషి వచ్చేదాకా గదిలోకి వెళ్లొద్దు అని రాసింది. ఆపాను. లోపలున్న హమాలీల్ని బయటికి పంపాను. గోడమీద మీ ఆఫీసు నంబరుందిగా, దానికి మూడుసార్లు ఫోను చేశాను. ఎత్తలేదు."

"మా ఆఫీసు ఫోను ఎత్తలేదా?"

"లేదమ్మా."

కోటిరత్నం తెర వంక చూసింది. గ్యాసు లీకని లాగ్‌లో ఒక్క ముక్క లేదు. ఉంటే అక్కడ వార్నింగు అని పడాలి. ప్రోగ్రాము రాసింది తను. తనకి తెలియదా?

"సరే. గ్యాసు లీకైంది. మరి ఎవరు బాగుచేశారు?"

అప్పటిదాకా గడగడా చెప్పిన మనిషి నీళ్లు నమిలాడు. "అదే... సర్దుకుంది."

"గ్యాసు లీకు దానంతటదే సర్దుకుంటుందా బాబాయ్?"

బాషా నేల చూశాడు. వీపు వెనక తువ్వాలుని ఇంకో చుట్టు చుట్టుకున్నాడు. తేలు కుట్టిన దొంగ కూడా ఇట్టాగే నిలబడతాడు, నొప్పి తెలుస్తూ ఉంటుంది, అరవడానికి ఉండదు. వీడు ఆపాడు, కావాలనే ఆపాడు, ఇప్పుడు మిషను మీద నెడుతున్నాడు అనుకుంది కోటిరత్నం. అంత పెద్దమనిషిని మనసులో వాడూ వీడూ అన్నందుకు కొంచెం సిగ్గేసింది కూడా. కానీ అనుమానం ఒకసారి ఇంట్లోకొచ్చాక మర్యాదలు అడగదు.

అతన్ని పంపించి, కాగితం టైపు చేద్దామని కూర్చుంది. రెండు వరసలు కొట్టాక చెయ్యి ఆగింది. ఆ ఒక్క రోజునే చూస్తే సరిపోతుందా? ముందూ వెనకా చూద్దామని లాగ్‌ని మే నెలలోంచి ఏప్రిల్‌కి, ఏప్రిల్‌లోంచి మార్చికి తిప్పింది. తిప్పేకొద్దీ ఆమె మొహం మారిపోయింది.

మూడు నెలల్లో ఒక్క వార్నింగు లేదు. తలుపు వారగా తీసి ఉందని లేదు. కరెంటు తగ్గిందని లేదు. చలి అర డిగ్రీ సడలిందని లేదు. ఏ ఏసీలోనైనా రోజుకి పది వార్నింగులు పడతాయి. మూడు నెలలు నోరెత్తని మిషను లోకంలో ఉండదు. ఎవరో తుడిచేశారు.

ఈ కంప్యూటరు ముట్టుకునేది ఎవరు? బాషాకి మిషను తెర తప్ప ఏమీ రాదు. ముట్టుకునేది బుడే ఒక్కడే. కాటా దగ్గర తూకం బిల్లులు కొడతాడు, కంప్యూటరు మొండికేస్తే ఫోనులో కోటిరత్నం చెప్పినట్టు చేసి దారిలో పెడతాడు. నలభై అయిదేళ్లవాడు, నెమ్మదస్తుడు. ఆ బుడే భార్య ఎవరనుకున్నారు? బాషా మేనకోడలు.

ఇంకేం, ముడి కుదిరింది అనుకుంది కోటిరత్నం. మావ ఆపాడు, అల్లుడు తుడిచాడు.

విసవిసా బయటికి నడిచింది. మూడో గది తలుపు మీద బుల్లయ్యగారు పెట్టించిన బోర్డు ఎర్రక్షరాలతో ఉంది: 'గ్యాసు ఉండగా లోపలికి పోయినవాడు మర్నాటినుంచి పనిలోకి రానక్కర్లేదు.' ఎప్పుడో ఒక ప్రమాదం తప్పిపోయాక పెట్టిన బోర్డు అది. ఆమె దాన్ని చదివింది, పట్టించుకోలేదు.

షెడ్డు కింద ఆడవాళ్లు మూతులకి గుడ్డలు కట్టుకుని, పాడైన టిక్కీలు కుమ్మరించి కాయలు ఏరుతున్నారు. ఎర్రకాయ ఒక పక్కకి, తెల్లబడ్డ తాలుకాయ ఒక పక్కకి. ఘాటుకి కోటిరత్నానికి తుమ్ములు మొదలయ్యాయి. తుమ్ముతూ తెల్లకుప్ప మీద కాలేసింది.

"తాలు మీద తొక్కమాకమ్మా," అంది ఆ ముఠాకి పెద్ద, రాజ్యం, తలెత్తకుండానే. "అదీ సరుకే. దానికీ బేరగాడొస్తాడు."

కోటిరత్నం కాలు తీసి కాటా గది వైపు నడిచింది. బుడే లారీకి చీటీ రాసిచ్చి, ఆమెని చూసి లేచి నిలబడ్డాడు.

"బుడే గారూ, లాగ్‌లో వార్నింగులన్నీ ఏమయ్యాయి?"

"తీసేశాను మేడం," అన్నాడు, లారీ వెళ్లిపోయిందన్నంత తేలిగ్గా.

ఒప్పేసుకున్నాడు. ఆమె ఇంత తొందరగా ఒప్పుకుంటాడనుకోలేదు. "ఎవరు తియ్యమన్నారు? బాషా గారా?"

బుడే వింతగా చూశాడు. "మీరే మేడం. మార్చి నెల్లో. ఫోనులో చెప్పారుగా."

మార్చి. కొత్తకాయ వచ్చి పడే రోజులు. రెండు నిమిషాలకోసారి గది తలుపు తీస్తారు, తీసినప్పుడల్లా మిషను వార్నింగు రాస్తుంది, రాసిందల్లా డ్యూటీ ఫోనుకి కబురు పంపుతుంది. ఆ రాతలతో కంప్యూటర్లో చోటు నిండిపోయి మొత్తం ఆగిపోయింది. అప్పుడు కోటిరత్నం బస్సులో నిలబడి, ఒక చేత్తో కమ్మీ పట్టుకుని, బుడేతో ఫోనులో అంది: 'అవన్నీ ఉత్త తాలు బుడే గారూ. సెట్టింగుల ఫైల్లో వార్నింగులు రాయమనే వరసొకటుంటుంది. ఆ తాలు తీసెయ్యండి, పని జరగనివ్వండి.' సీజను అయ్యాక మళ్లీ పెడదామనుకుంది. సీజను అయింది. ఆ సంగతి ఆమెకి మళ్లీ గుర్తు రాలేదు.

అంటే తెర మీద వార్నింగు వస్తూనే ఉంది. కూత కూస్తూనే ఉంది. రాసిపెట్టుకోవడం మాత్రమే మానేసింది, అదీ తన మాట మీద. బాషా నిజం చెప్పాడేమో. చెప్పినా రుజువేదీ? తుడిపించింది తనే అయింది. కంచే చేను మేసిందంటే ఇదే కదా.

"అయిపోయింది," అంది సన్నగా. "అవి ఉంటే తెలిసేది."

"ఉన్నాయిగా మేడం."

"ఏమున్నాయి? తీసేశానన్నారుగా."

"తాలు తియ్యమన్నారుగా. తీశాను. పారెయ్యమన్లేదుగా." బుడే ముందు నడిచి, ఆఫీసు గదిలో కంప్యూటరు ముందు కూర్చున్నాడు. "మీరు ఆ వరస తీసెయ్యమన్నారు. నేను దాన్లో దారి మార్చి పక్క డ్రైవులోకి పోయేట్టు పెట్టాను. అక్కడ బోలెడు చోటుంది. మా అమ్మ మిర్చి యార్డులో తాలు తీసి మమ్మల్ని సాకింది మేడం. తాలు వేరే మూట కడతారు గానీ పారేసినవాణ్ణి నేను చూళ్లేదు."

తెర మీద ఒక ఫోల్డరు. పేరు 'తాలు'.

"మీరు చదివారా ఇవి?"

"తాలు మూట ఎవరు విప్పి చూస్తారు మేడం," అన్నాడు బుడే. కాటా దగ్గర ఇంకో లారీ హారను కొడితే లేచి వెళ్లిపోయాడు.

కోటిరత్నం ఆ ఆదివారానికి వెళ్లింది. తొమ్మిదీ మూడుకి: వార్నింగు, మూడో గదిలో గ్యాసు. మిషను ఆపమని తెర మీద చెప్పాం. డ్యూటీ ఫోనుకి కబురు పంపాం, చదవలేదు. తొమ్మిదీ పదమూడుకి మళ్లీ అదే. ఇరవై మూడుకి మళ్లీ అదే. పది నిమిషాలకోసారి, పొద్దుటినుంచి మధ్యాహ్నం దాకా, ఒకే మాట. నలభై ఒక్క వరసలు. నలభై ఒక్కసార్లు 'చదవలేదు'.

చివర్లో మాత్రం మాట మారింది. మూడూ నలభై ఎనిమిదికి: గ్యాసు ఉండగా తలుపు తెరిచారు. మూడూ యాభై ఆరుకి: వాల్వు చేత్తో మూశారు. నాలుగూ పదికి: గ్యాసు లేదు.

చేత్తో మూశారు. కోటిరత్నానికి తువ్వాలు గుర్తొచ్చింది.

తర్వాత డ్యూటీ ఫోను గుర్తొచ్చింది. అది ఆమె సంచి అడుగున ఉంది. ఆఫీసువాళ్లిచ్చిన రెండో ఫోను, ఏసీలో గోడమీద రాసిన నంబరు దీనిదే. మార్చిలో నిమిషానికోసారి మోగుతుంటే విసుగెత్తి నోరు నొక్కేసింది. రోజూ చార్జింగు పెట్టేది, చూసేది కాదు. ఆ ఆదివారం డ్యూటీ ఆమెదే. వినుకొండలో పిన్ని కూతురి నిశ్చితార్థంలో విస్తరి ముందు కూర్చుని, పక్కన సంచి పెట్టుకుని, రెండోసారి పులిహోర వేయించుకుంది. సంచిలో ఫోను వెలుగుతూ ఆరుతూ ఉండి ఉంటుంది.

ఇప్పుడు తీసి చూసింది. చదవని కబుర్లు వందల్లో ఉన్నాయి. వాటి మధ్య, ఆ ఆదివారం తేదీతో, బాషా నంబరు నుంచి మూడు కాల్సు.

నేనైతే ఆ సమయంలో ఏం చేసేవాణ్ణో చెప్పలేను, మీరూ గొప్పలకి పోకండి. కోటిరత్నం తలుపు వంక చూసింది. ఎవరూ లేరు. ఫోల్డరు చెరిపెయ్యడానికి ఒక్క మీట నొక్కితే చాలు. బుడే నిజంగా చదవలేదా? చదవకుండా ఉండగలడా? భార్య మేనమామ మీద కేసు పడబోతుంటే మూట విప్పి చూడడా? చూసే ఉంటాడు. అన్నీ తెలిసే, తనేం చేస్తుందో చూద్దామని వదిలి వెళ్లాడేమో. పొద్దున్నుంచీ ఎదుటివాళ్ల మీద చల్లిన అనుమానం తిరిగొచ్చి ఆమె నెత్తినే పడింది.

తలుపు చప్పుడైంది. బాషా, కుడిచేత్తో టీ గ్లాసు. పళ్లెం లేదు. పళ్లేనికి రెండు చేతులు కావాలి.

గ్లాసు బల్ల మీద పెట్టి, వెళ్లకుండా నిలబడ్డాడు. "దొరికిందటగా అమ్మా. బుడే చెప్పాడు." తువ్వాలు కొస సర్దుకున్నాడు. "అందులో నేను లోపలికి వెళ్లినట్టు ఉందా?"

"ఉంది బాబాయ్."

"ఆరు గంటల పైన చూశానమ్మా. ఎవరూ రాలా. గదిలో రైతుల సరుకు చెమ్మగిల్లుతా ఉంది. తడిగుడ్డ మూతికి కట్టుకుని పోయి తిప్పాను. గ్యాసు తగిలి చెయ్యి కాలింది. బోర్డు చూశావుగా, ఆ విషయంలో అయ్యగారు మొహమాటం చూడరు." గొంతు తగ్గించాడు. "ఆ ఒక్క వరస తీసెయ్యగలవా తల్లీ? మిగతాదంతా ఉంచు."

ఎంత సుళువు. అతనిది ఒక వరస, తనది నలభై ఒక్క ముక్క. గ్యాసు లీకైందని ఉంచి, డ్యూటీ ఫోను మాట తీసేస్తే తను బయటపడుతుంది. తలుపు తెరిచిన మాట తీసేస్తే బాషా బయటపడతాడు. కాగితం శుభ్రంగా ఉంటుంది. ఎవరికీ నష్టం లేదు. ఏది గింజో ఏది తాలో మళ్లీ తనే తేల్చేస్తే సరి. వేలు మీట దాకా వెళ్లింది కూడా.

"తియ్యను బాబాయ్," అంది చివరికి. "ఒకసారి తీయించినందుకే ఇంతదాకా వచ్చింది."

బాషా ఆమె వంక చూశాడు. పొద్దున ఆమె అతన్ని ఎట్టా చూసిందో, అచ్చం అట్టాగే చూశాడు. ఈ పిల్ల తన ఉద్యోగం కాపాడుకోవడానికి నా మెడకి చుడుతోంది అన్న చూపు.

ఐదుకి పావుగంట ఉందనగా బుల్లయ్యగారి గదిలో కాగితాలు పెట్టింది. మొత్తం, ఒక్క వరస వదలకుండా. బాషా తలుపు దగ్గరే నిలబడ్డాడు. ఆయన కళ్లజోడు పెట్టుకుని వేలితో ఒక్కో వరసా చదివాడు. చదువుతూ చదువుతూ చివరి కాగితం దగ్గర ఆగాడు.

"తువ్వాలు తియ్యి బాషా."

బాషా తీశాడు. అరచేయంతా చర్మం ఊడి, గులాబీరంగుగా, మెరుస్తూ ఉంది. మూడు వారాలైనా మానలేదు. బుల్లయ్యగారు మొహం పక్కకి తిప్పుకున్నాడు.

"బోర్డు చదవలేదట్రా?"

"చదివానయ్యా. ఎవరూ రాలేదు."

ఆయన ఎదురుగా ఉన్న కుర్చీ చూపించాడు. "కూర్చో." ఇరవై రెండేళ్లలో బాషా ఆ గదిలో కూర్చోలేదు. ఇప్పుడూ అంచు మీదే కూర్చున్నాడు. బుల్లయ్యగారు ఎస్సైగారికి ఫోను చేసి రానక్కర్లేదని చెప్పాడు. ఆ ఫోను కింద పెట్టకుండానే కాగితం వైపు తిరిగాడు.

"నలభై ఒక్కసార్లు కబురెళ్లిందని ఉంది. ఎవడమ్మా ఈ డ్యూటీ ఫోను వెధవ? నేనే అడుగుతాను."

గోడ మీది నంబరు చూసి, ఒక్కో అంకే నొక్కాడు. కోటిరత్నం సంచిలో చెయ్యి పెట్టింది. ఫోను బయటికి తీసి, మొహం పైకి ఉండేట్టు, కాగితాల పక్కన బల్ల మీద పెట్టింది.

అది మోగలేదు. వెలిగింది. బుల్లయ్యగారి పేరుతో వెలిగి, ఆరి, మళ్లీ వెలిగింది. గదిలో ముగ్గురూ దాన్నే చూశారు. ఆయన చెవి దగ్గర్నించి ఫోను తియ్యలేదు.

"ఎత్తమ్మా," అన్నాడు.

కోటిరత్నం ఎత్తి చెవికి ఆనించుకుంది. బల్లకి అవతల కూర్చున్న మనిషి గొంతే, ఒక లిప్త ఆలస్యంగా, ఫోనులోంచి కూడా వినిపించింది.

"మూడో గదిలో గ్యాసు లీకవుతోందమ్మా," అన్నాడు బుల్లయ్యగారు. "మావాడు నీకోసం చూస్తున్నాడు."